నాడీకణాన్ని చంపే జన్యువు ఏది?

ప్రశ్న: పిండంలో నాడీకణాలు అవసరానికి మించి పుట్టి, తర్వాత కొన్ని చచ్చిపోతాయని చదివాను. పోషణ చాలకా, జన్యువుల నిర్ణయమా? (డిగ్రీ విద్యార్థిని, తెనాలి)

జవాబు: జంతువును బట్టి ఉంటుంది. కోడి పిండంలో వెన్నుపాము నుంచి కండరాలకు వెళ్లే నాడీకణాల్లో దాదాపు సగం చస్తాయి. రెక్క మొలకను ముందే తీసేస్తే ఆ వైపు ఇంకా ఎక్కువ పోతాయి. అంటే అక్కడ కండరాల నుంచి అందే ఆసరాదే పెద్ద పాత్ర. సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగులో మాత్రం ఏ కణం చావాలో దాదాపు ముందే ఖాయం. ద్విలింగిలో (ఆడ, మగ లక్షణాలు రెండూ ఉన్న పురుగులో) 1090 దేహకణాలు పుడితే 131 చస్తాయి, 959 మిగులుతాయి. చచ్చేవాటిలో 105 నాడీకణాలు కావలసినవే. ఏ పురుగులో చూసినా అవే కణాలు చస్తాయి. అయితే కారణం ఏదైనా, కణాన్ని లోపలినుంచి కూల్చే యంత్రాంగం రెండు చోట్లా ఒక్క కోవదే.

ప్రశ్న: ఈ పురుగులో కణాల చావును నడిపే జన్యువులు సెడ్-3, సెడ్-4, సెడ్-9, ఎగల్-1... వీటిలో ఏది ముందు, ఏది వెనక? ఎలా తేల్చారు? (ఎమ్మెస్సీ విద్యార్థి, వరంగల్)

జవాబు: జంట మ్యుటేషన్లతో, అంటే ఒకే పురుగులో రెండు జన్యువులు చెడితే ఏమవుతుందో చూసి. సెడ్-3 గానీ సెడ్-4 గానీ చెడితే చావాల్సిన కణాలు బతికిపోతాయి, పురుగుకు పెద్ద నష్టమేమీ ఉండదు. సెడ్-9 చెడితే తలకిందులు: బతకాల్సిన కణాలూ చస్తాయి, పిల్లతరం నిలవదు. సెడ్-9తో పాటు సెడ్-3 కూడా చెడిన పురుగు మాత్రం బతుకుతుంది. అంటే సెడ్-9 పని సెడ్-3ను ఆపడమే, దానికి పైమెట్టులో ఉంటుంది. ఎగల్-1 ఒక్కటే చెడితే కణాలు చావవు. దాంతో పాటు సెడ్-9 కూడా చెడితే మళ్లీ చస్తాయి. కాబట్టి ఎగల్-1 అన్నిటికంటే పైన.

పుస్తకాల్లో బాణాల బొమ్మ చూసి జన్యువులు ఒకదాని తర్వాత ఒకటి మేల్కొంటాయనుకుంటారు. అది తప్పు. సెడ్-9, సెడ్-4 ప్రొటీన్లు చాలా కణాల్లో ముందే ఉంటాయి. మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) మీద ఉండే సెడ్-9 ప్రొటీన్ సెడ్-4ను పట్టి ఉంచుతుంది. ఎగల్-1 వచ్చి సెడ్-9కు అతుక్కుంటే సెడ్-4 విడుదలై, సెడ్-3 అనే కాస్పేజ్‌ను (ప్రొటీన్లను కోసే ఎంజైమును) చురుకు చేస్తుంది. కాబట్టి చాలాచోట్ల అసలు తీర్పు ఎగల్-1 జన్యువు పనిలోకి దిగడం, దిగకపోవడంలోనే ఉంది.

దీనికి మంచి ఉదాహరణ గుడ్లు పెట్టించే రెండు హెచ్‌ఎస్‌ఎన్ నాడీకణాలు. ద్విలింగిలో ట్రా-1 అనే, లింగాన్ని నిర్ణయించే ప్రొటీన్ ఎగల్-1ను అణచి ఉంచుతుంది కనుక అవి బతుకుతాయి. మగపురుగులో ఆ అణచివేత లేదు, చస్తాయి. ట్రా-1 అతుక్కునే డీఎన్ఏ చోటు చెడితే ద్విలింగిలోనూ చస్తాయి. అప్పుడు గుడ్లు బయటికి రాక తల్లి కడుపులోనే పొదుగుతాయి.

ప్రశ్న: మా ల్యాబులో చచ్చిన కణాలను లెక్కిస్తే ఒక్కో పురుగులో ఒక్కో సంఖ్య వస్తోంది. ఎక్కడ తప్పు?

జవాబు: మామూలు పురుగులో శవకణాన్ని పక్క కణం గంటలోపే మింగేస్తుంది. కాబట్టి మీరు లెక్కపెడుతున్నది ఆ నిమిషాన మిగిలినవాటిని మాత్రమే. వయసు కాస్త తేడా వచ్చినా సంఖ్య మారుతుంది. రెండు దారులున్నాయి. సెడ్-1 జన్యువు చెడి, శవాలను మింగడం దెబ్బతిన్న పురుగుల్లో, ఇప్పుడే పొదిగిన లార్వా తలలో శవాలను లెక్కించండి. లేదా శవాల జోలికి పోకుండా, మూడో దశ లార్వా గొంతు ముందుభాగంలో అదనంగా బతికిన కణాలను లెక్కించండి. అక్కడ మామూలుగా 16 చావాలి. బలమైన సెడ్-3 మ్యుటేషన్‌లో సగటున డజను దాకా మిగులుతాయి. పదహారూ కనిపించలేదని కంగారు పడొద్దు.

పురుగులను 20 డిగ్రీల దగ్గరే, ఆకలి పడకుండా పెంచండి. పస్తున్న లార్వాలు మొదటి దశలోనే ఆగిపోయి వయసు లెక్క తప్పిస్తాయి. 2 శాతం అగరోజ్ పలకపై సోడియం అజైడ్‌తో మత్తిచ్చి, నోమార్‌స్కీ అమరిక (రంగు వేయకుండానే పారదర్శక కణాలను స్పష్టంగా చూపే సూక్ష్మదర్శిని పద్ధతి), 100 రెట్ల ఆయిల్ కటకంతో చూడండి. శవం గుండ్రటి బొత్తంలా నున్నగా మెరుస్తుంది. పేగు రేణువులూ మెరుస్తాయి, అందుకే తలలోనే లెక్కించమన్నది. ఒక స్లైడును అరగంటకు మించి వాడకండి, కణాల రూపు చెడుతుంది. అజైడ్ విషం. మిగిలింది సింకులో పోయకండి, రాగి, సీసం గొట్టాల్లో పేలే లవణాలు తయారవుతాయి.