మూడో రోజు ఆవు లేచింది.. మందు వల్లేనా?

సందేహం: పోయిన వారం మా ఆవుకు ఉన్నట్టుండి జ్వరం వచ్చింది. వణుకుతూ, కుంటుతూ కూలబడింది. రెండు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేస్తే మూడో రోజు లేచి మేత మేసింది. ఇప్పుడు పక్కన కట్టేసిన పాడి ఆవుకూ అలాగే ఉంది. మిగిలిన మందు దీనికి వేయొచ్చా?

సలహా: వేయకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది మూడు రోజుల జబ్బు కావచ్చు. దోమల్లాంటి కీటకాలు మోసుకొచ్చే వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్‌ను ఏమీ చేయలేదు. ఈ జబ్బులో ఏ మందూ వేయకపోయినా చాలా పశువులు మూడు నాలుగు రోజులకు వాటంతటవే లేస్తాయి. మీ ఆవు కూడా అలాగే లేచి ఉండొచ్చు, పేరు మాత్రం ఇంజెక్షన్‌కు వచ్చింది.

కళ్లారా చూశాం కదా అంటారు. నిజమే, కానీ మందు వేయకపోతే ఏమయ్యేదో మనం చూడలేదు. అది తెలియడానికే పోల్చి చూడాలి. క్షయకు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుందా అని బ్రిటన్‌లో 107 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి చూశారు, ఫలితాలు 1948లో వచ్చాయి. ఆరు నెలల్లో మందు ఇచ్చిన 55 మందిలో నలుగురు, ఇవ్వని 52 మందిలో 14 మంది చనిపోయారు. మందు పనిచేస్తుందని అలా తేలింది. మందు తీసుకున్న చాలామందిలో క్షయ బ్యాక్టీరియా దానికి లొంగకుండా మొండికేసిందనీ అప్పుడే తెలిసింది. అవసరం లేకుండా మందు వేసినా, పశువు ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాకు మనమే ఆ మొండితనం నేర్పినట్టవుతుంది. రేపు నిజంగా పొదుగువాపు వస్తే అదే మందు పనిచేయకపోవచ్చు.

అలాగని ఇంట్లోనే కూర్చుని చూస్తూ ఉండొద్దు, ఈరోజే పశువైద్యుడికి చూపించండి. గొంతు దగ్గర వాపు, గురకతో ఊపిరి కనిపిస్తే అది గొంతువాపు జబ్బు కావచ్చు. అది బ్యాక్టీరియా జబ్బే, ఒక్క రోజులో ప్రాణం తీస్తుంది. అక్కడ యాంటీబయాటిక్ గంటల్లో పడాలి.

మూడు రోజుల జబ్బే అయితే నొప్పి, జ్వరం తగ్గే మందు డాక్టరే ఇస్తారు. ఆవును నీడలో మెత్తటి చోట ఉంచి, అప్పుడప్పుడు పక్క మార్చండి, నీళ్లు అందుబాటులో పెట్టండి. నోట్లో మాత్రం ఏదీ పోయకండి. ఈ జబ్బులో మింగే శక్తి తగ్గుతుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది.

మొదటి ఆవు పాలిస్తుంటే, మందు వేశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదని ఇంజెక్షన్ సీసా మీద రాసి ఉందో అన్ని రోజులు దాటేదాకా ఆ పాలు ఎవరికీ పోయకండి. కాచినంత మాత్రాన మందు అవశేషాలు పోవు.