మాట ఇచ్చే ముందు రక్తపరీక్ష

ప్రశ్న: మాది గుంటూరు. మా అన్నయ్య తన కొడుక్కి మా అమ్మాయిని అడుగుతున్నారు. అబ్బాయి బుద్ధిమంతుడు, వదిన కూడా మా పిల్లని కన్నకూతురిలా చూస్తుంది. కాకపోతే అబ్బాయి చెల్లెలికి థలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు), నెలనెలా రక్తం ఎక్కిస్తారు. మా అమ్మీ మాత్రం 'తరతరాలుగా మనలో మనమే చేసుకుంటున్నాం, ఎవరికేమైంది?' అంటోంది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. – ఓ తల్లి

జవాబు: అమ్మా, ఇప్పుడే మాట ఇవ్వకండి, అలాగని సంబంధం వద్దని కూడా చెప్పకండి. ముందు పిల్లలిద్దరికీ హెచ్‌బీ ఏ2 అనే రక్తపరీక్ష చేయించండి, థలసీమియా జన్యువు ఉందో లేదో తెలిసేది దాంతోనే. ఆ పాపకి థలసీమియా వచ్చిందంటే మీ అన్నయ్య, వదిన ఇద్దరూ క్యారియర్లే, అంటే లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి పైకి ఏ జబ్బూ కనిపించనివాళ్ళు. అబ్బాయి ఆరోగ్యంగానే ఉన్నాడు కదా అనుకుంటారేమో, అతను క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. అన్నయ్యకి ఉంది కాబట్టి మీకు ఉండే అవకాశం సగం, మీ అమ్మాయికి నాలుగో వంతు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదనేమీ లేదు. ఇద్దరిలో ఒక్కరే క్యారియరయితే మాత్రం పిల్లలకి ఆ పెద్ద జబ్బు రాదు, అప్పుడు థలసీమియా గురించి టెన్షన్ పడక్కర్లేదు.

మామూలు రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) తక్కువ వస్తే రక్తహీనత అనుకుని ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగేవాళ్ళు ఉంటారు. అందుకే ఆ ఒక్క రిపోర్టు చూసి సరిపెట్టుకోవద్దు. హెచ్‌బీ ఏ2 3.5 శాతం దాటితే అప్పుడు డాక్టరుతో కూర్చుని మాట్లాడండి.

మీ అమ్మగారిని తప్పుపట్టను. క్యారియర్ పైకి తెలియడు, ఆ రోజుల్లో చిన్న వయసులోనే పోయిన పసివాళ్ళని జ్వరం వచ్చి పోయారనో దిష్టి తగిలిందనో అనుకున్నారు, పరీక్ష చేసినవాళ్ళెవరు? ఆవిడకి నచ్చజెప్పాల్సిన పని మీది కాదు, మీ అన్నయ్యది. మూడు, నాలుగు వారాలకోసారి కూతురి చేతికి సూది గుచ్చుతుంటే పక్కన కూర్చునేది ఆయనే, రక్తంతో పాటు ఒంట్లో పేరుకునే ఐరన్ దిగడానికి రోజూ మాత్ర నీళ్ళలో కరిగించి తాగించేదీ ఆ ఇంట్లోవాళ్ళే. ఆయన మాటని ఆవిడ కాదనలేరు. అబ్బాయికి పరీక్ష ఎలాగూ తప్పదు, బయట సంబంధం చేసుకున్నా అతను క్యారియరయితే ఆ పిల్లకీ చేయించాల్సిందే.

ప్రశ్న: ముస్లిం దేశాల్లో దగ్గరి పెళ్ళిళ్ళు ఎక్కువ, అందుకే జబ్బులూ జననాలూ ఎక్కువని మా ఆఫీసులో ఒకరు వాదిస్తున్నారు. నిజమేనా? – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: జబ్బుల మాట కొంతవరకు నిజం. పాకిస్తాన్‌లో సగానికి పైగా పెళ్ళిళ్ళు దగ్గరివాళ్ళ మధ్యే. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో, ఎక్కువగా పాకిస్తానీ కుటుంబాలున్న ఊళ్ళో, 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు అలాంటి జంటల పిల్లల్లో సుమారు 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. రెట్టింపే, కానీ వందలో 94 మంది మామూలుగానే పుడుతున్నారు, ఇది కూడా చెప్పాలి కదా.

జననాల లెక్క మాత్రం అలా కుదరదు. చిన్న వయసులో పెళ్ళి, పోయిన బిడ్డ స్థానంలో ఇంకో బిడ్డని కనడం వల్ల అలాంటి జంటలకి కాన్పులు కాస్త పెరగొచ్చు, అంతవరకే. ఇరాన్ చూడండి, సుమారు మూడో వంతు పెళ్ళిళ్ళు బంధువుల్లోనే, అయినా 1980ల మొదట్లో స్త్రీకి ఆరుకి పైగా ఉన్న పిల్లల సగటు ఇరవై ఏళ్ళలో రెండుకి పడిపోయింది. ఆడపిల్లలు చదువుకున్నారు, ఊరూరా ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. పైగా 1997 నుంచి అక్కడ పెళ్ళికి ముందు థలసీమియా పరీక్ష తప్పనిసరి, సౌదీలో 2004 నుంచి. మన దేశంలో ముస్లిం స్త్రీల సగటు 1992-93లో 4.4 ఉంటే 2019-21 నాటికి 2.36.

ఇంకో మాట. ఇస్లాంలో మేనకోడల్ని చేసుకోవడం నిషేధం. అక్క కూతుర్ని చేసుకునే ఆచారం మన తెలుగు హిందూ కుటుంబాల్లో ఉంది, అక్కడ కలిసే జన్యువులు బావామరదళ్ళ పెళ్ళికి రెట్టింపు. మీ ఆఫీసాయన ఇంట్లో మేనరికాలుంటే ఆ పరీక్ష వాళ్ళకీ అవసరమే.