రిపోర్టులో యాంటీబాడీలు ఉన్నాయని హెచ్‌ఐవీ మాత్ర ఆపేశారా?

ప్రశ్న: నా వయసు 34. 2021లో హెచ్‌ఐవీ పాజిటివ్ అని తెలిసింది, అప్పట్నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్‌లో ఇచ్చే టీఎల్‌డీ (మూడు మందులు కలిసిన) మాత్ర రోజూ రాత్రి వేసుకునేవాణ్ణి. పోయిన టెస్టులో వైరస్ కనిపించలేదన్నారు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 680. మా ఆవిడకి నెగటివ్, ఇప్పుడు నాలుగో నెల. మనిషి ఒంట్లో నేచురల్ యాంటీబాడీలు ఉంటాయని, అవే హెచ్‌ఐవీని అణచేస్తాయని ఒక వీడియోలో చూశాను. నా రిపోర్టులో కూడా హెచ్‌ఐవీ యాంటీబాడీలు ఉన్నాయనే రాశారు. కోవిడ్ టైంలో యాంటీబాడీలు ఉంటే మంచిదన్నారు కదా. ఐదు వారాలుగా మాత్ర ఆపి, తెలిసినాయన ఇచ్చిన ఇమ్యూనిటీ పొడి వాడుతున్నాను. బాగానే ఉంది, సాయంత్రాలు ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంటోంది అంతే. నా యాంటీబాడీలు ఎంత బలంగా ఉన్నాయో తెలుసుకునే టెస్టు ఎక్కడ చేస్తారు?

జవాబు: టెస్టు సంగతి తర్వాత చూద్దాం. మీ లెటర్‌లో మూడు ముక్కలు నన్ను భయపెట్టాయి: ఐదు వారాలుగా మాత్ర లేదు, ఆవిడకి నాలుగో నెల, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. మీరు వాటిని ఏదో మాటల్లో మాటగా రాసేశారు గానీ నాకు అసలు ప్రశ్న అదే. ఇది చదవగానే రేపు పొద్దున్నే మీ ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళండి, వచ్చే నెల డేట్ ఉంది కదా అప్పుడు పోదాం అనుకోవద్దు.

మీరు పొరబడింది ఎక్కడో చెప్తాను, ఎందుకంటే మీలాగే చాలామంది అనుకుంటున్నారు. హెచ్‌ఐవీ టెస్టు చేసేదే యాంటీబాడీల కోసం. ఒంట్లోకి వైరస్ వచ్చిన కొన్ని వారాలకి శరీరం దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేస్తుంది, కిట్టు మీద గీత పడేది వాటి వల్లే. అంటే మీ రిపోర్టులో ఆ మాట ఉందంటే వైరస్ ఒంట్లో ఉందని అర్థం, రక్షణ ఉందని కాదు. హెపటైటిస్ బి టీకా తర్వాత యాంటీబాడీలు వస్తే సంతోషిస్తాం, ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. మాత్రలు ఎన్నేళ్ళు వేసుకున్నా, వైరస్ కనిపించనంతగా తగ్గినా, ఆ టెస్టు దాదాపు అందరికీ పాజిటివ్‌గానే వస్తుంది.

ఇక నేచురల్ యాంటీబాడీలు. అవి అబద్ధం కాదు, నిజంగానే ఉంటాయి. 'A' గ్రూపు రక్తం ఉన్నవాళ్ళకి 'B' గ్రూపు రక్తం ఎక్కిస్తే ఎంత ప్రమాదమో మీకు తెలుసు కదా, అంతకుముందు ఎప్పుడూ బి రక్తం ఎక్కించకపోయినా వాళ్ళ ఒంట్లో బి మీద యాంటీబాడీలు రెడీగా ఉంటాయి, నేచురల్ అంటే ఆ రకం. టీకా లేకుండానే, జబ్బు రాకుండానే ఉంటాయి, ఎక్కువగా ఐజీఎం అనే రకం యాంటీబాడీలు, కనిపించిన క్రిములన్నిటికీ కొంచెం కొంచెం అతుక్కుంటాయి కానీ దేన్నీ గట్టిగా పట్టుకోవు. మామూలు ఇన్ఫెక్షన్లలో మొదటి రోజుల్లో చాలా ఉపయోగం. హెచ్‌ఐవీ దగ్గరికొచ్చేసరికి సరిపోవు.

ఎందుకు సరిపోవంటే ఈ వైరస్ పైన చక్కెర అణువుల దుప్పటి ఉంటుంది, ఆ చక్కెరలు మన ఒంట్లోవే కాబట్టి యాంటీబాడీకి పట్టు దొరకదు. దానికి తోడు తనని తాను కాపీ చేసుకునేటప్పుడు తెగ తప్పులు చేస్తుంది, ఆ తప్పుల వల్లే రోజూ కొత్త రూపాలు పుడతాయి. మీ శరీరం కొన్ని నెలలు కష్టపడి ఒక మంచి యాంటీబాడీ తయారుచేసే లోపు వైరస్ రూపం మార్చేసి ఉంటుంది, మళ్ళీ కొత్తది చెయ్యాలి, మళ్ళీ అది మారిపోతుంది, పాపం శరీరం ఎప్పుడూ పాత ఫోటో పట్టుకుని దొంగని వెతుకుతున్నట్టే ఉంటుంది. పైగా అది వెళ్ళి దాక్కునేది మన సైన్యాన్ని నడిపించే సీడీ4 కణాల్లోనే, వాటి జీన్లలో కలిసిపోయి నిద్రపోతుంది. యాంటీబాడీ కణానికి బయటే తిరుగుతుంది తప్ప కణం లోపలికెళ్ళి జీన్‌లో ఉన్నదాన్ని తియ్యలేదు. మాత్ర కూడా ఆ నిద్రపోయేదాన్ని తియ్యలేదు, కానీ అది లేచి పిల్లలు పెట్టకుండా ఆపుతుంది, అందుకే రోజూ వెయ్యాలి అని ప్రాణం తీసేలా చెప్తాం.

కొంతమందిలో కొన్నేళ్ళకి చాలా రకాల హెచ్‌ఐవీని ఆపగలిగే గట్టి యాంటీబాడీలు పుట్టే మాట నిజమే. అలాంటి ఒకాయన రక్తంలోంచే వీఆర్‌సీ01 అనే యాంటీబాడీ తీశారు, 2010లో ప్రకటించారు. దాన్ని ల్యాబులో తయారుచేసి ప్రతి 8 వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తూ, హెచ్‌ఐవీ సోకకుండా ఆపుతుందా అని 4,600 మందికి పైగా ట్రయల్ చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే ఇన్ఫెక్షన్లు తగ్గలేదు, ఆ యాంటీబాడీకి లొంగే రకం వైరస్‌ల మీద మాత్రమే బాగా పనిచేసింది. అంత మంచి యాంటీబాడీని అంత మోతాదులో ఎక్కించినా పరిస్థితి అది, ఒంట్లో ఉన్నవాటిని పొడితో బలపరుస్తామంటే నేను ఎలా నమ్మను?

మందులు లేకుండా వైరస్‌ని అదుపులో పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, ఆ వీడియోలో వాళ్ళ గురించే చెప్పి ఉంటారు. వాళ్ళు వందలో ఒకరు కూడా ఉండరు. అక్కడా ఎక్కువ పని చేసేది యాంటీబాడీలు కాదు, వైరస్ చేరిన కణాలని వెతికి చంపే సీడీ8 కణాలు, దానికి పుట్టుకతో వచ్చే కొన్ని జీన్లు కలిసిరావాలి. మీరు ఆ కోవలోకి రారు నాయనా, మీకు వైరస్ కనిపించకపోవడానికి కారణం మీరు ఇన్నేళ్ళు వేసుకున్న మాత్ర. ఆ గొప్పంతా మీ క్రమశిక్షణది, దాన్ని తీసుకెళ్ళి పొడి ఖాతాలో వేశారు, నాకు బాధగా ఉంది.

"సీడీ4 680 ఉంది, కొన్నాళ్ళు ఆపితే ఏమవుతుంది" అని ఓపీలో వారానికి ఒకరైనా అడుగుతారు. ఇదే అనుమానంతో స్మార్ట్ అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది, 5,472 మంది. సీడీ4 350 దాటినవాళ్ళని రెండు భాగాలు చేసి సగం మందికి మందులు ఆపి, 250 కంటే తగ్గితే మళ్ళీ మొదలుపెట్టారు. ఆపినవాళ్ళలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు లేదా మరణం ముప్పు రెండున్నర రెట్లు తేలింది, గుండె, కిడ్నీ, లివర్ సమస్యలు కూడా ఎక్కువయ్యాయి, దాంతో 2006 జనవరిలో ఆ పద్ధతి ఆపేశారు. అది డాక్టర్ల కళ్ళ ముందు, టెస్టులు చేసుకుంటూ ఆపితేనే. మీరు ఎవరికీ చెప్పకుండా ఆపారు. మాత్ర ఆపితే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్ళీ రక్తంలోకి వస్తుంది, మీకు ఐదు వారాలైంది. బాగానే ఉంది అనిపించడం దీనికి కొలత కాదు.

ఇప్పుడు ఆవిడ సంగతి. మాత్ర ఆపిన విషయం ఆవిడకి చెప్పారా? వైరస్ కనిపించని స్థితిలో ఉన్నన్నాళ్ళు శారీరకంగా కలిసినా మీ నుంచి ఆవిడకి సోకే అవకాశమే లేదు, ఇప్పుడు ఆ భరోసా పోయింది. ఈ ఐదు వారాల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే ఆవిడకి వెంటనే టెస్టు చేయించాలి, ఇప్పుడు నెగటివ్ వచ్చినా మళ్ళీ చెయ్యాలి, ఎందుకంటే కొత్తగా సోకితే మొదటి వారాల్లో టెస్టులో దొరక్కపోవచ్చు. చివరిసారి కలిసి 72 గంటలు దాటకపోతే ఆ మాట ముందే చెప్పండి, ఆవిడకి నివారణ మందులు ఇవ్వాలా లేదా అన్నది డాక్టర్ చూస్తారు, అక్కడ గంటలు కూడా లెక్కే. గర్భంతో ఉండగా కొత్తగా సోకితే తల్లి రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది, బిడ్డకి వెళ్ళే ప్రమాదమూ ఎక్కువ. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకి 15 నుంచి 45 శాతం దాకా సోకుతుంది, సరిగ్గా మందులు వాడితే 5 శాతం లోపే. కాబట్టి టైం ఉంది, కానీ వాయిదా వేసేంత లేదు. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.

సాయంత్రం వెచ్చదనం మళ్ళీ పెరుగుతున్న వైరస్ వల్ల కావచ్చు, టీబీ కావచ్చు, ఏమీ కాకపోవచ్చు కూడా, చూడకుండా నేను చెప్పలేను. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్న మనిషికి సాయంత్రం జ్వరమంటే టీబీ లేదని తేలేదాకా టీబీ అనుకునే చూస్తాం. దగ్గు, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే చెప్పండి, కఫం టెస్టు అక్కడే ఉచితంగా చేస్తారు. టీబీ మందులు మొదలుపెడితే, మీ టీఎల్‌డీ మాత్రలో ఉండే డోలుటెగ్రవిర్ అనే మందు డోసు మార్చాల్సి రావచ్చు, అందుకే ఇంట్లో మిగిలిన సీసా ఉంటే మీ అంతట మీరు మొదలుపెట్టకుండా, పొద్దున్నే సెంటర్‌కి ఫోన్ చేసి అడిగి వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే మాత్రం ఎదురుచూడకుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి.

పొడి ఆపెయ్యండి, పారెయ్యకుండా డబ్బా తీసుకెళ్ళి చూపించండి. ఇలాంటివాటిలో ఇనుము, కాల్షియం, జింక్ భస్మాలు కలిసి ఉంటే అవి డోలుటెగ్రవిర్‌ని కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వవు, అంటే మాత్రతో పాటు వాడినా నష్టమే. ఎయిడ్స్‌ని నయం చేస్తామని చెప్పి మందు అమ్మడం మన డ్రగ్స్ రూల్స్ ప్రకారం కూడా కుదరదు, షెడ్యూల్ జె లో ఆ జబ్బు పేరు ఉంది. ఆ తెలిసినాయన మంచివాడే కావచ్చు, మీ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందనే లెక్క) ఆయన చూడలేదు.

మాత్ర ఆపినందుకు సెంటర్‌లో తిడతారని భయపడి మానేసేవాళ్ళని చాలామందిని చూశాను, మొదట ఐదు వారాలు, తర్వాత సిగ్గుతో ఐదు నెలలు, చివరికి స్ట్రెచర్ మీద వస్తారు. తిడితే ఒక్క నిమిషం పడండి. ఎన్ని రోజులు ఆపారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, రోజులు తగ్గించి చెప్తే వైరల్ లోడ్ ఎప్పుడు చెయ్యాలో, మందు పనిచేస్తోందో లేదో వాళ్ళ లెక్క తప్పుతుంది. అసలు మాత్ర ఎందుకు ఆపాలనిపించింది, నిద్ర పట్టకనా, బరువు పెరిగా, విసుగొచ్చా, అది కూడా చెప్పండి, చాలావాటికి దారి ఉంది.

మీరడిగిన టెస్టు గురించి: యాంటీబాడీల బలం చూసే పరీక్షలు రీసెర్చ్ ల్యాబుల్లోనే ఉంటాయి, దానివల్ల మీ చికిత్సలో మారేది ఏమీ లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని చేస్తామంటే ఇవ్వకండి. మీకు కావాల్సినవి వైరల్ లోడ్, సీడీ4, కఫం టెస్టు, ఇంకా హెపటైటిస్ బి. ఈ చివరిది ముఖ్యం, ఎందుకంటే టీఎల్‌డీలో రెండు మందులు హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి, అది ఉన్నవాళ్ళు మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే లివర్ దెబ్బతినొచ్చు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా చెప్పండి.

మిమ్మల్ని చూడకుండా, రిపోర్టులు చేతిలో లేకుండా రాస్తున్నాను కాబట్టి మందు, డోసు విషయంలో ఆఖరి మాట మీ సెంటర్ మెడికల్ ఆఫీసర్‌దే. దారి తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, ఉచితం. సెంటర్‌లో ఇచ్చిన గ్రీన్ బుక్ (మీ చికిత్స పుస్తకం), పొడి డబ్బా, పాత హెపటైటిస్ రిపోర్టు ఉంటే అదీ, ఆవిడ ప్రెగ్నెన్సీ కార్డు పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్ళండి.