కుంచెలు లెక్కపెట్టావా?

అమ్మా,

నీ వ్యాసం అందింది. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారిణి జూడిత్ లైస్టర్ తన బొమ్మ తానే వేసుకున్న ఆ చిత్రం మీద తెలుగులో రాయాలని నీకు తోచడం సంతోషమే. కానీ రెండో పేరాలో "ఆమె కళ్లలో యుగయుగాల స్త్రీ వేదన" అన్నావు చూడు, అక్కడ కాగితం కింద పెట్టేశాను. ఆవిడ నవ్వుతోందమ్మా! పని మధ్యలో ఎవరో పలకరిస్తే కుర్చీ వీపు మీద మోచెయ్యి ఆనించి ఇటు తిరిగింది. పెదాలు విచ్చుకుని ఉన్నాయి, ఏదో అనబోతోంది. నువ్వు రాసిన వేదన నీది కూడా కాదు, మన ప్రత్యేక సంచికల సంపాదకులది. ఆడవాళ్ల కళ అంటే వాళ్లకి కన్నీళ్లు కావాలి. డబ్బు లెక్కలు రాసి పంపితే "ఇవి పాఠకులకెందుకు" అని కొట్టేస్తారు.

ముందు ఫోన్‌లో చూసి రాయడం మానెయ్. బొమ్మ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వాళ్ల వెబ్‌సైటులో పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది, దించుకో. ఎత్తు 74.6 సెంటీమీటర్లు, వెడల్పు 65.1. గోడ మీద సుద్దముక్కతో ఆ కొలతకి గీతలు గీసి ఎదురుగా నిలబడితే, నువ్వనుకున్నంత చిన్న బొమ్మ కాదని తెలుస్తుంది. తర్వాత తెర మీద ఆవిడ ముఖానికి కాగితం అడ్డం పెట్టి చేతులు మాత్రమే చూడు. ముఖం కనబడుతున్నంతసేపూ మనం కథలల్లుతూనే ఉంటాం. ఎడమ చేతిలో రంగుల పలక, గుడ్డ, వాటితోపాటు 18 కుంచెలు. నువ్వు "కొన్ని కుంచెలు" అని దాటేశావు. చిన్న అచ్చులో అవి ఒక కట్టలా కలిసిపోతాయి, అందుకే ఈ పొరపాటు.

కుడి చేతిలో కుంచె ఉంది. అద్దంలో చూసి వేసుకుంటే కుడిచెయ్యి ఎడమచెయ్యిగా కదా కనబడాలి? ఆవిడది ఎడమచేతి వాటమైతే తప్ప, అద్దంలో కనబడింది కనబడినట్టు వెయ్యలేదు, మార్చుకుంది. ఇక ఆ గంజిపెట్టిన వెడల్పాటి కాలరు, మణికట్ల దగ్గర లేసు! నూనెరంగులతో పనిచేసేవాళ్లు ఆ బట్టలతో కూర్చోరు. పట్టుచీర కట్టుకుని పొయ్యి దగ్గర ఫొటో దిగినట్టు. చూసేవాళ్ల కోసం తయారై కూర్చుంది.

నీ వ్యాసంలో ఎక్కడా లేనిది, అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆవిడ పక్కన బొమ్మ నిలబెట్టే ఈజిల్ మీద ఫిడేలు వాయించేవాడున్నాడు కదా, పరారుణ కిరణాలతో పరీక్షిస్తే వాడి కింద ఒక ఆడమనిషి ముఖం బయటపడింది. బహుశా ఆవిడదే. తన బొమ్మలో తన బొమ్మే వేస్తున్నట్టు మొదలుపెట్టి, దాన్ని కప్పేసి ఫిడేలువాణ్ణి పెట్టింది. ఆవిడ వేసిన మరో సరదా చిత్రంలోనూ వాడున్నాడు. అలాంటి వాటికి అప్పట్లో గిరాకీ. మనుషుల ముఖాలూ వేస్తాను, ఇవీ వేస్తాను అని ఒకే బొమ్మలో రెండు సరుకులూ చూపించింది. వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు.

"మహిళా చిత్రకారిణి" అని నాలుగుచోట్ల రాశావు. చిత్రకారిణి అన్నాక మళ్లీ మహిళా ఎందుకు? పక్కనే ఆవిడ ఊరివాడే అయిన చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్‌ని "పురుష చిత్రకారుడు" అనలేదే! 1633లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ ఊళ్లో చిత్రకారుల గిల్డ్‌లో, అంటే వృత్తిసంఘంలో, సభ్యురాలైన మనిషి ఆవిడ. చేరడానికి సమర్పించిన బొమ్మ ఇదేనని తేల్చేశావు. అది కొందరి ఊహ, ఊహ అనే రాయి. చిత్రం సుమారు 1630 నాటిది.

ఆ జరిమానా సంగతి మాత్రం వదలకు. 1635లో ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడొకడు కొద్దిరోజులకే ఫ్రాన్స్ హాల్స్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆవిడ గిల్డ్‌లో ఫిర్యాదు చేసింది. ఎనిమిది గిల్డర్లు (అప్పటి డచ్చి నాణేలు) అడిగితే కుర్రాడి తల్లి నాలుగిచ్చింది. హాల్స్ మూడు గిల్డర్ల జరిమానా కట్టాడు కానీ కుర్రాణ్ణి తిరిగి పంపలేదు. కుర్రాడి పేరు నమోదు చేయించనందుకు ఆవిడకీ జరిమానా పడింది. ఇరవై ఆరేళ్ల వయసులో, ఊళ్లోకెల్లా పేరున్న చిత్రకారుడి మీద ఫిర్యాదు! "ఆత్మగౌరవం" అన్న మాట వాడకుండా ఈ పేరా రాసి చూడు.

ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఆవిడ బొమ్మలు హాల్స్ పేరుతో చలామణి అయ్యాయి. ఇప్పుడు పారిస్ లూవ్‌ర్ మ్యూజియంలో ఉన్న ఒక చిత్రం మీద జె, ఎల్ అక్షరాల పక్కన నక్షత్రం గుర్తు ఉండటం 1893లో కళాచరిత్రకారుడు హోఫ్‌స్టెడె డె గ్రూట్ పట్టుకున్నాడు. లైస్టర్ అంటే దారి చూపే చుక్క. వాళ్ల నాన్న నడిపిన బీరు బట్టీ పేరే ఇంటిపేరైంది. "పేరులోనే వెలుగు" అని నువ్వు రాసిన వాక్యం కొట్టేసి ఆ బట్టీని పెట్టు.

ఏ పత్రికకి పంపాలి, శీర్షిక బాగుందా అని అడిగావు. అవి తర్వాత. తిరగరాసిన ప్రతి పంపేటప్పుడు పైన ఎడమ మూల కుంచెల లెక్క వేసి పంపు. నా లెక్క చెప్పాను కదా అని పద్దెనిమిదే వెయ్యకు, నువ్వు లెక్కపెట్టి ఎన్నొస్తే అన్ని వెయ్యి.