పాలిథీన్ అణువుల పొడవాటి గొలుసులు స్ఫటికంలో మడతలు పడి ఉంటాయని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఎలా చూపించింది?

మైక్రోస్కోప్‌లో మడత నేరుగా కనిపించలేదు. రెండు కొలతలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్ల ఆ నిర్ధారణకు వచ్చారు.

1957లో బ్రిస్టల్‌లో శాస్త్రవేత్త ఆండ్రూ కెల్లర్ పాలిథీన్‌ను జైలీన్ అనే వేడి ద్రావకంలో చాలా పలుచగా కరిగించి చల్లార్చారు. డైమండ్ ఆకారంలో సన్నని పలకలు ఏర్పడ్డాయి. వాటి మీద ఏటవాలుగా లోహపు ఆవిరి పూస్తే పడే నీడ పొడవును బట్టి మందం తెలుస్తుంది: సుమారు 10 నానోమీటర్లు. అదే పలక నుంచి తీసిన ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ చిత్రం (స్ఫటికం గుండా వెళ్లిన ఎలక్ట్రాన్లు చెదిరి ఏర్పరిచే చుక్కల నమూనా), గొలుసులు పలకకు నిలువుగా ఉన్నాయని చెప్పింది. కానీ ఒక్కో గొలుసు పొడవు ఆ మందానికి ఎన్నో రెట్లు! కాబట్టి అది చీర కుచ్చిళ్లలా మళ్లీ మళ్లీ మడత పడాల్సిందే. అదే ఏడాది టిల్, ఫిషర్ అనే శాస్త్రవేత్తలు కూడా విడివిడిగా ఇలాంటి స్ఫటికాలను గుర్తించారు. ఇంత తక్కువ సమాచారంతో ఇంత గట్టి తర్కం కట్టడం నాకు చాలా ఇష్టమైన విషయం.

ఇలాంటి విడి పలకల బదులు మామూలు పాలిథీన్ ఫిల్మ్‌లను మైక్రోస్కోప్‌లో చూడాలంటే పని కష్టం. ఎలక్ట్రాన్ కిరణం తగిలితే పాలిథీన్ స్ఫటిక క్రమం త్వరగా చెదిరిపోతుంది. అందుకే తక్కువ ఎలక్ట్రాన్ డోసు వాడతారు, శాంపిల్‌ను బాగా చల్లబరుస్తారు. పైగా అంతా కార్బన్, హైడ్రోజనే కాబట్టి కాంట్రాస్ట్ దాదాపు ఉండదు. రుథీనియం టెట్రాక్సైడ్ అనే రసాయనం పట్టిస్తే అది క్రమం లేని భాగాల్లోకి ఎక్కువగా చేరి వాటిని ముదురుగా చూపిస్తుంది, స్ఫటిక పొరలు తెల్లటి గీతల్లా బయటపడతాయి.