పాముకు మేతగా ఆఫ్రికా ఎలుకలు పెంచితే కేసవుతుందా?

ప్రశ్న: మేం నాగోల్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. మూడేళ్లుగా ఒక బాల్ పైథాన్‌ను పెంచుతున్నాను. తెల్ల ఎలుకలు వేస్తే ముట్టదు. ఆఫ్రికన్ సాఫ్ట్‌ఫర్డ్ ఎలుకలైతే వెంటనే తింటుందని ఒక స్నేహితుడు నాలుగు తెచ్చిచ్చాడు. అవి పిల్లలు పెట్టి ఇప్పుడు ముప్పై దాటాయి. పాములు పెంచే మరికొందరు తమకూ అమ్మమంటున్నారు. వాళ్లలో ఒకతను జెర్రిపోతును పెంచుతున్నాడు. పాము ఎలుకను పట్టే వీడియోలు పెడితే గిరాకీ పెరుగుతుందని కూడా అంటున్నారు. ఇంటి ఓనరేమో వాసన వస్తోందని రోజూ గొడవ. ఎలుకలు పెంచడానికి లైసెన్స్ కావాలా? కేసేమైనా అవుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు ఎలుకల గురించి అడిగారు గానీ, నాకు ముందు మీ పాము గురించే టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ ఇంటికొచ్చే అధికారి మొదట అడిగేది దాని కాగితాలే.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు ఆ ఒప్పందంలోని జాతులను నాలుగో షెడ్యూల్‌గా చేర్చారు. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 49ఎం ప్రకారం అలాంటి జంతువు ఎవరి దగ్గరున్నా ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా చెప్పాలి. దీని నియమాలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే పెంచుతున్నవారికి ఆరు నెలల గడువిచ్చారు. ఆ తర్వాత తెచ్చుకున్నవారు 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. చేయకపోతే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీరు ఉత్తరంతో పంపిన ‘రసీదు’ చూశాను. అదొక యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్. నోట్ దగ్గర ‘పెట్ ఐటమ్స్’ అని రెండు మాటలున్నాయి, అంతే. ఏ జాతి, ఎక్కడ పుట్టింది, అమ్మినవారికి ఎలా వచ్చింది అన్నది ఒక్క ముక్క లేదు. బ్యాంకాక్ నుంచి దిగిన ప్రయాణికుల సూట్‌కేసుల్లో ఇవే పాములు పట్టుబడిన వార్తలు చెన్నై విమానాశ్రయం నుంచి తరచూ వస్తూనే ఉంటాయి. కాబట్టి అధికారికి అనుమానం రావడం సహజం. 2020 జూన్‌లో కేంద్రం ఆరు నెలలపాటు, కాగితాలు అడగకుండానే ఇలాంటి జంతువులను వెల్లడించే అవకాశం ఇచ్చింది. మీకు అమ్మినవారు అప్పుడు నమోదు చేసుకుని ఉంటే ఆ పత్రం నకలు అడిగి తెచ్చుకోండి. అది దొరికినా దొరక్కపోయినా, గడువు దాటింది కదా అని దాచిపెట్టొద్దు. వన్యప్రాణి కేసులు చూసే వకీలును వెంటబెట్టుకుని సైఫాబాద్‌లోని అటవీ శాఖ ప్రధాన కార్యాలయం అరణ్య భవన్‌కు వెళ్లండి. ఆలస్యానికి కారణం రాసి, మీ అంతట మీరే వెల్లడి చేయండి. అలా వెళ్లినవారి పరిస్థితి వేరు, దాడిలో దొరికినవారి పరిస్థితి వేరు.

ఇక ఎలుకలు. ఈ జాతి మన చట్టం షెడ్యూళ్లలో లేదు, సైటిస్‌లోనూ లేదు. ఇంట్లో ఉంచుకున్నంత మాత్రాన వన్యప్రాణి చట్టం కింద నేరం కాదు, లైసెన్సూ అక్కర్లేదు. ప్రయోగాలకు జంతువులను పెంచి సరఫరా చేసేవారికి ఉండే రిజిస్ట్రేషన్ కూడా మీకు వర్తించదు. కానీ అవి ఈ దేశంలోకి ఎలా వచ్చాయన్నది పెద్ద ప్రశ్న. ఇలాంటి జంతువులను ప్రాణంతో దిగుమతి చేసుకోవడానికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ లైసెన్సు, పశుసంవర్ధక శాఖ అనుమతి, క్వారంటైన్ కావాలి. దొంగచాటుగా వచ్చినవని తేలితే 1962 కస్టమ్స్ చట్టం కింద జప్తు చేస్తారు. తెలిసి దగ్గర ఉంచుకున్నవారి మీద కూడా కేసు పెట్టవచ్చు. మీ ఎలుకలది మాస్టోమిస్ అనే ప్రజాతి. అందులోవే అయిన మాస్టోమిస్ కౌచా ఎలుకలు లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో బోదకాలు పరిశోధనల కోసం ఉన్నాయి. ఏ ల్యాబ్ నుంచైనా బయటికొచ్చిన సంతతి అయితే అది ఇంకో రకం చిక్కు. మీ స్నేహితుడికి ఇవి ఎవరిచ్చారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన నీళ్లు నమిలితే అక్కడే ఆగిపోండి.

క్వారంటైన్ మాట ఊరికే చెప్పడం లేదు. 2003లో ఘనా నుంచి అమెరికాకు వెళ్లిన మూషికాల సరుకుతో మంకీపాక్స్ వచ్చి, ఆరు రాష్ట్రాల్లో 47 మందికి సోకింది. ఆ తర్వాత ఆఫ్రికా మూషికాల దిగుమతినే అక్కడ ఆపేశారు. పశ్చిమ ఆఫ్రికాలో లాసా జ్వరం వైరస్ ఉండేది ఇదే ప్రజాతికి చెందిన మాస్టోమిస్ నటలెన్సిస్ అనే ఎలుకలోనే. దాని మూత్రం, పెంటికల ద్వారా మనుషులకు అంటుకుంటుంది. తరాలుగా బోనుల్లో పెరిగిన ఎలుకలకు అది ఉందని నేను అనడం లేదు. కానీ మీ దగ్గరున్నవి అలాంటివేనని చూపించే కాగితం మీకు లేదు. మీరు పంపిన ఫొటోలో ఒక ప్లాస్టిక్ టబ్ మూలన బొటనవేలు పట్టేంత కన్నం ఉంది, దానికి టేపు అతికించారు. రేపు అవి తప్పించుకుని పక్కింటివారిని కరిస్తే, జంతువు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ఉంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముందు ఆ టబ్ మార్చండి.

అమ్మకం మొదలుపెడితే కథ మారుతుంది. 2018 పెట్‌షాప్ నియమాల్లో పెంపుడు జంతువుల నిర్వచనంలోనే ఎలుకల జాతి మూషికాలున్నాయి. ఇంట్లోంచి అమ్మినా, ఆన్‌లైన్‌లో అమ్మినా దుకాణం కిందకే వస్తుంది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. ‘ఇవి పెంపుడువి కావు, మేత మాత్రమే’ అని వాదించవచ్చు. ఆ వాదనను నమ్ముకుని వ్యాపారం పెట్టమని మాత్రం నేను చెప్పను.

జెర్రిపోతు పెంచే మనిషికి ఒక్క ఎలుకను కూడా ఇవ్వొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. జెర్రిపోతు, నాగుపాము, మన కొండచిలువ ఇప్పుడు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పట్టి ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. తెలిసి సాయం చేసినవారూ సెక్షన్ 52 కింద నేరం చేసినట్టే. ఆ పామును అటవీ శాఖకు అప్పగించమని అతనికి చెప్పండి.

వీడియోల ఆలోచన పూర్తిగా మానుకోండి. 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11(1)(ఎం) ప్రకారం, కేవలం వినోదం కోసం ఒక జంతువును మరో జంతువుకు ఎరగా బంధించడం నేరం. పాము ఆకలి తీర్చడానికి వేశానంటే వాదనకు చోటుంటుంది. లైకుల కోసం తీశాక ఆ చోటు ఉండదు. మొదటిసారి జరిమానా 50 రూపాయలు దాటదు, నిజమే. కానీ కాగితాల్లేని పామును మీ చేత్తో మీరే ఊరందరికీ చూపించినట్టవుతుంది. అసలు ప్రాణంతో వేయడమే వద్దు. బోనులో మూలకు తోసిన ఎలుక పామును కొరికి గాయం చేస్తుంది, ఎలుకా నరకం చూస్తుంది. చంపిన ఎలుకను మేతగా వేయడం అలవాటు చేయండి. అలాగని తోక పట్టి గోడకేసి కొట్టడం కూడా క్రూరత్వమే. మనుషుల ఆహారం కోసం చంపేవారికి చట్టంలో ఉన్న మినహాయింపు పాము మేతకు వర్తించదు. నొప్పి లేని పద్ధతిని పశువైద్యుడి దగ్గర నేర్చుకోండి. తెల్ల ఎలుకనే చంపి, వెచ్చగా చేసి వేస్తే తింటుందేమో కూడా ఆయన్నే అడగండి. తింటే ఈ ఆఫ్రికా ఎలుకల అవసరమే ఉండదు.

ఇంటి ఓనరు విషయంలో ఆయన వైపే బలం ఉంది. నివాసానికని తీసుకున్న ఇంట్లో అమ్మకానికి ఎలుకలు పెంచడం ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఓ)కు విరుద్ధం. ఇరుగుపొరుగుకు న్యూసెన్స్ కలిగించడం అద్దె నియంత్రణ చట్టంలో ఖాళీ చేయించడానికి ఒక కారణం. అయినా కోర్టు ఉత్తర్వు లేకుండా ఆయన మీ సామాను బయట పడేయలేడు. గొడవ పెంచుకోకుండా సంఖ్య తగ్గిస్తానని చెప్పి కొంత గడువు అడగండి.

మగ ఎలుకలను, ఆడ ఎలుకలను ఈ రోజే వేరు చేయండి. వీటి గర్భకాలం సుమారు 23 రోజులు. ఇప్పటికే కట్టినవి ఈనినా నాలుగు వారాల తర్వాత కొత్తవి పుట్టవు. ఓనరు ఒత్తిడి చేశాడని మూసీ గట్టునో ఖాళీ ప్లాటులోనో మాత్రం వదలొద్దు.