సమాచార హక్కు జవాబు తొందరగా రావాలంటే: చెరువు కాగితం కోసం ఏడాది తిరిగినవాడి మాట

మీ ఊళ్లో వేసిన సీసీ రోడ్డు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు కావాలని పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చారు. జవాబుకి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, ఇవాళ్టికి 34 అయినా ఉలుకూ పలుకూ లేదు. ఈ ఆలస్యం తగ్గే దారుందా అని మీరు అడుగుతున్నారు. ఉందండి. అయితే ముందు ఒక మాట చెప్పాలి: ఆలస్యంలో సగం మనమే దరఖాస్తులో రాసి ఇచ్చేస్తాం. నేనలాగే ఇచ్చాను.

మాది రాజాం వైపు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. మా చెరువు గర్భంలో ఎవరో గట్టు వేసి మడి చేసుకున్నారు. ఆ జూన్‌లో ఒక ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను (పేరెందుకులెండి). మూడు పేజీలు, 14 ప్రశ్నలు. ఆక్రమణ ఎందుకు తీయలేదు, బాధ్యులెవరు, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు. రాసినప్పుడు భలే రాశాననుకున్నాను. మా బావ వేరే శాఖలో జూనియర్ అసిస్టెంటు. అది చదివి నవ్వాడు. "ఇది దరఖాస్తేటి బావా, సంజాయిషీ నోటీసులాగుంది!"

తర్వాత వాడు చెప్పిన సంగతి ఇప్పటికీ పనికొస్తోంది. దరఖాస్తు ముందు తపాల్లో (ఉత్తరాలు తీసుకునే చోట) సీలు వేసుకుని, సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి ఒక సీటుకి వస్తుంది. ఆ సీటులో ఉన్న మనిషి నా 14 ప్రశ్నలు చదివితే నాలుగు భూముల సెక్షనువి, ఐదు సర్వేవి, మిగతావి ఇరిగేషన్‌వి. ఏ ఒక్కరిదీ కాదు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. పైగా ‘ఎందుకు’ అన్నదానికి ఫైల్లో కాగితం ఉండదు. చట్టం ఇమ్మనేది ఆఫీసులో రికార్డుగా ఉన్నదాన్నే. కారణం కొత్తగా ఆలోచించి రాసివ్వమని ఎక్కడా లేదు. ఆ కాగితం కట్ట కిందకి పోతుంది.

నాదీ పోయింది. నలభై రోజులు దాటాక ఒక ఉత్తరం వచ్చింది: మీరడిగిన రికార్డు పాత జిల్లాలో ఉంది, దరఖాస్తు అక్కడికి బదిలీ చేశాం అని. వేరే ఆఫీసుకి చెందినదైతే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో బదిలీ చేయాలి. తప్పు వాళ్లదే. కానీ జిల్లా మారిన రెండు నెలలకే, రికార్డు ఎక్కడుందో కనుక్కోకుండా కాగితం పడేసినవాణ్ని నేను. మొదటి అప్పీలు వేశాను, విచారణ వాయిదా పడింది, తర్వాత మళ్లీ వాయిదా. అలా ఏడాది గడిచింది.

రెండోసారి ఒక్క పేజీ రాశాను. ఫలానా సర్వే నంబరు చెరువుకి ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే పాత భూముల రిజిస్టరులో ఆ నంబరున్న పేజీ నకలు, అంతే. కింద ఒక వాక్యం చేర్చాను: నకళ్లు సిద్ధం కావడం ఆలస్యమైతే రికార్డు నేనే వచ్చి చూసుకుంటాను, తేదీ చెప్పండి. ఇది చాలామంది వాడరు గానీ సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డు కళ్లారా చూడడం కూడా సమాచార హక్కే. మన రాష్ట్రంలో మొదటి గంటకి ఫీజు కూడా లేదు.

పన్నెండో రోజున ఫోనొచ్చింది, రమ్మన్నారు. రికార్డు రూములో కిటికీ ఒకటే, దాని మీద కూడా కట్టలే. అటెండరు నన్ను గుర్తుపట్టాడు. "ఏటి బాబూ, మల్లీ ఒచ్చీసినారా?" అక్కడ సీటు చూసే అమ్మాయికి రెండు సీట్ల పని. ఖాళీ పోస్టుది కూడా ఆవిడే చూస్తోంది. ఎర్రగుడ్డ మూట విప్పితే తుమ్ములు. గ్రామాల పేర్లు చదువుకుంటూ ముగ్గురం నేల మీద కూర్చుని వెతికాం. ముప్పావుగంటలో దొరికింది. పేజీ అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, కానీ సిరా స్పష్టంగా ఉంది: చెరువు, విస్తీర్ణం 11 ఎకరాల 40 సెంట్లు. ఆ అమ్మాయే ఊపిరి పీల్చుకుంది. "ముందే ఇలాగొచ్చీస్తే అయిపోను కదండీ" అంది. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. కానీ నిజమే.

ఇక మీ సంగతి. మీ కాగితం తప్పు బల్ల మీద ఉందని నా అనుమానం. పంచాయతీ రోడ్డయినా కొలతలు తీసి ఎం-బుక్ రాసేది ఇంజనీరింగ్ వాళ్లు, పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు). ఆ పుస్తకం కార్యదర్శి బీరువాలో ఉండదు. ఆయన దగ్గర ఉండేది తీర్మానం, ఖర్చు చూపిన క్యాష్‌బుక్, ఓచర్లు. ఎం-బుక్ తనది కాదు కాబట్టి ఆయన 5 రోజుల్లో బదిలీ చేయాల్సింది, చేయలేదు. మీరు ఆయన చేస్తాడని కూర్చోకండి. రేపే పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ సబ్‌డివిజన్ ఆఫీసుకి కొత్త దరఖాస్తు ఇవ్వండి: రోడ్డు పేరు, ఏ సంవత్సరం పని, ఎం-బుక్‌లో ఆ పని పేజీలు, అంతే. కాంట్రాక్టరు ఎంత తిన్నాడు అని మాత్రం రాయొద్దు. అది కొలతలు చేతికొచ్చాక మీకే తెలుస్తుంది.

గ్రామస్థాయి ఆఫీసుకైతే మన దగ్గర దరఖాస్తు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు, నకలు జత చేయండి. నకళ్లకి పేజీకి 2 రూపాయలు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఖర్చు కట్టమని ఉత్తరం రాసిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు 30 రోజుల లెక్క ఆగిపోతుంది. ఆ ఉత్తరం 29వ రోజున రాసే మహానుభావులున్నారు. అందుకే నేను దరఖాస్తులోనే ‘100 రూపాయల వరకు నకళ్ల ఖర్చు కడతాను, ఫోన్ చేస్తే అదేరోజు వచ్చి కడతాను’ అని నంబరుతో సహా రాసేస్తాను.

చేతికిస్తే రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. సీలు లేకపోతే మీకు రోజుల లెక్కే లేదు. భూమి కాగితాలైతే ముందు మీభూమి వెబ్‌సైటులో, మీసేవలో చూడండి. అడంగల్, 1బి (భూమి ఖాతా వివరాలు) కోసం సమాచార హక్కు పెట్టేవాళ్లని చూశాను, ఆ పని కౌంటరులో అయిపోతుంది. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ వేరు, ఇది వేరు. దానికి ఈ 30 రోజుల గడువు, జరిమానా వర్తించవు.

పాత దరఖాస్తునీ వదలొద్దు. 30 రోజులూ మీరి నాలుగు రోజులైంది, మొదటి అప్పీలుకి మీకింకా 26 రోజులుంది, కానీ ఆగకండి. ఆఫీసు బయట బోర్డు మీద అప్పిలేట్ అధికారి హోదా ఉండాలి, ఆయనకే రాయండి. గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం సమాచారం ఉచితంగా ఇవ్వాలని రాయండి. ఆయన 30 రోజుల్లో, కారణం రాసిపెడితే 45లో తేల్చాలి. ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం ఉంది గానీ, మీ వంతు వచ్చేసరికి రోడ్డు మీద గుంతలు పడిపోతాయి. జరిమానా మాట కాగితం మీద బెదిరింపుగా రాస్తే అవతలివాళ్లు బిగుసుకుంటారు. గడువు తేదీ ఒక్కటి స్పష్టంగా రాయండి, వాళ్లకి ఆ లెక్క తెలుసు.

ఇంజనీరింగ్ ఆఫీసుకి ఇచ్చే దానిలో ‘ఎం-బుక్ నేనే వచ్చి చూస్తాను’ అన్న వాక్యం మర్చిపోకండి. వెళ్లేటప్పుడు ఒక టేపు పట్టుకెళ్లి, వచ్చే దారిలో రోడ్డు వెడల్పు కొలుచుకోండి.